పనులకు కాలపటము

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెతను విననివారు మనలో ఉండరు. ఈ రెండు కార్యములలోని కష్టము ధనమును గూర్చినదే యని సామాన్యముగా అనుకొందురు. ధనము సంగతి నిజమే. కాని దానికి ఏమాత్రము తీసిపోని కష్టము మరియొకటి వీనిలో కలదు. పదిమంది చేతులలో నుండు ఇరువది పనులు ఒక్క తేదీకి వచ్చి కలిసికొనవలెను. తాపీమేస్త్రీ వచ్చిన దినమున ఇసుక రాదు. ఇసుక వచ్చిన దినమున మేస్త్రీ వేరొక యింటి పనిలో నుండును. వడ్రంగి ద్వారబంధములు తేలేదని గోడలు ఆగును. గోడలు ఆగినవని పైకప్పు ఆగును. విచారించి చూచినచో వీరిలో సోమరి ఎవడును కానరాడు. ఎవరి పని వారికి చక్కగా తెలియును. అన్ని పనులను ఒక్క చోట, ఒక్క చూపులో చూచిన వాడు మాత్రము లేడు.

అట్టి చూపును కలిగించు సాధనమును ఇంజనీర్లు బార్ చార్టు అందురు. మనము దానిని కాలపటము అనుకొందము. దీనికి కావలసిన సామగ్రి ఒక గళ్ళకాగితము, ఒక పెన్సిలు, ఒక స్కేలు మాత్రమే. కాగితమునకు ఎడమ ప్రక్కన పైనుండి క్రిందికి పనుల పేర్లు వ్రాయవలెను. పై అంచున ఎడమ నుండి కుడికి వారములు వరుసగా గుర్తింపవలెను. ప్రతి పనికి ఎదురుగా, అది మొదలగు వారము నుండి ముగియు వారము వరకు ఒక పట్టీ గీయవలెను. పట్టీ పొడవే ఆ పనికి పట్టు కాలము. ఇంతకంటె రహస్యము దీనిలో లేదు. ఇంత సులభమైన దానిని గూర్చి ఒక ప్రసంగము ఎందులకని శ్రోతలు అడుగవచ్చును. పటము గీయుట సులభమే. ప్రతి వారము దాని ముందు నిలిచి, అది చెప్పు మాటకు చెవి యొగ్గుట కష్టము. నేటి ప్రసంగమునకు ఆ కష్టమే విషయము.

ఉదాహరణకై మనము దూరము పోనక్కరలేదు. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నము కలదు. 1550 నుండి 1580 వరకు గోలకొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు ఆ ఊరికి నిలిచినది. అక్కడి పెద్దచెరువు ఆ పాలకుని కాలము నాటిదని ప్రసిద్ధి. ఈసీ నది నీటిని ఆ చెరువు దాక తెచ్చుటకై తరువాతి కాలమున ఫిరంగి నాలా ఏర్పడినది. నేడు ఆ ప్రాంతమున ఇంజనీరింగు కళాశాలలు పెక్కు కలవు. సమీపమున ఆదిబట్లలో విమానముల, హెలికాప్టరుల శరీరభాగములు తయారగు కర్మాగారములు వెలసినవి. ఏ భాగము ఏ దినమున ఎవరి చేతికి రావలెనో ముందుగా నిర్ణయింపకున్నచో అట్టి కర్మాగారము ఒక్క పూటయైనను నడువదు. కళాశాలలోని విద్యార్థులు ఈ కాలపటమునే పాఠముగా చదువుదురు. కాని ఆ పాఠమును చెరువుకట్ట మీద నిలిచి చదివినచో మరింత బాగుగా మనసునకు పట్టును. ఏలయన చెరువు పనికి గడువు పెట్టునది అధికారి కాదు, వాన.

గడువును ప్రకృతియే విధించిన పని ఎట్లుండునో ఆ రహదారి చివర నున్న నాగార్జునసాగరము మనకు చూపును. ఆ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలలోనికి నీరు విడిచెను. ఈ మధ్యకాలమున నదిలో ఒక గొప్ప కట్టడము లేచినది; దానికి ఎగువ లోయలో మరియొక పని జరిగినది. జలాశయము నిండినచో నాగార్జునకొండ లోయలోని ప్రాచీన విజయపురి శిథిలములు శాశ్వతముగా మునిగిపోవును. అందుచేత పురావస్తుశాఖ వారు ఆర్. సుబ్రహ్మణ్యము నాయకత్వమున 1954 నుండి 1960 వరకు ఆ లోయను త్రవ్వి పరిశీలించిరి. ముఖ్యమైన కొన్ని కట్టడములను విప్పి, కొండమీదికి చేర్చి, తిరిగి నిలిపిరి. ఆ కొండయే నేడు జలాశయ మధ్యమున ద్వీపమై యున్నది. ఒక పని యొక్క ముగింపు వేరొక పనికి గడువైన దనుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము అరుదు. ఇట్టి పనులలో నేటి నుండి ముందునకు లెక్కించుట కాక, గడువు నుండి వెనుకకు లెక్కించుకొని రావలెను. కాలపటము నేర్పు మొదటి పాఠము ఇదియే.

ఇప్పుడు ఈ పాఠమును ఒక చిన్న పనికి వర్తింపజేసి చూతము. ఇబ్రహీంపట్నము పెద్దచెరువు వంటి విశాలమైన దానిని విడిచి, ఆ చుట్టుపట్ల గ్రామములలో కానవచ్చు ఒక నడితరపు చెరువును ఊహించుకొందము. దాని తూము శిథిలమైనది. మత్తడి రాళ్ళు కదలినవి. పూడిక నిండినది. కట్టమీద తుమ్మలు మొలచినవి. ఆ ఏడు చెరువులో నీరు లేక యాసంగి పైరు దానిపై ఆధారపడి లేదనుకొందము. వానాకాలము లోపల మరమ్మతు ముగియవలెను. తెలంగాణములో 2015 మార్చి 12వ తేదీన మిషన్ కాకతీయ ప్రారంభమైనప్పుడు 46 వేలకు పైగా చెరువులను, ఏటా ఐదవ వంతు చొప్పున, బాగుచేయ సంకల్పించిరి. ఆ చెరువులలో ప్రతి దానికి ఎదురైన చిక్కు ఇదియే: ఎండలలోనే పని చేయవలెను, ఎండలు ముగియకమునుపే పని ముగియవలెను.

శ్రోతలలో కుతూహలము గలవారు ఒక కాగితము తీసికొని నాతో కూడ గీయవచ్చును. మన చెరువునకు 10 పనులు కలవు. మొదటిది కట్టపై చెట్లు, పొదలు తొలగించుట. దీనికి 2 వారములు. రెండవది పూడిక తీయుట, 8 వారములు. మూడవది కట్టను కోసి పాత తూమును విప్పుట, 1 వారము. నాలుగవది క్రొత్త తూము కట్టుట, 3 వారములు. ఐదవది ఆ సిమెంటు కట్టడమును తడుపుట, 2 వారములు. ఆరవది తూము షట్టరును బిగించి, కోసిన కట్టను తిరిగి పూడ్చుట, 1 వారము. మట్టిని జానెడు మందమున పొరలుగా వేసి, నీరు చల్లి, దిమ్మిసతో గట్టిపరచుట కూడ దీనిలో చేరును. ఏడవది ఆ చోట కట్టకు లోవైపున రాతి రివిట్‌మెంటు పరచుట, 1 వారము. ఎనిమిదవది పట్టణములోని కర్మశాలలో షట్టరు తయారు చేయించుట, 5 వారములు. తొమ్మిదవది మత్తడి మరమ్మతు. తడుపుటతో కలిసి 5 వారములు. పదియవది పంటకాలువల పూడిక తీయుట, 4 వారములు.

వీనిని ఒకదాని వెంట ఒకటిగా చేయబూనినచో మొత్తము 32 వారములు పట్టును. అనగా సుమారు ఏడున్నర మాసములు. మార్చిలో మొదలిడిన పని దీపావళి దాక ముగియదు. కాని అన్నియు ఒకదానికై ఒకటి వేచియుండనక్కరలేదు. ఏది దేనికై వేచియుండవలెనో అడిగి చూడుడు. చెట్లు కొట్టినగాని కట్ట కోయరాదు. కట్ట కోసినగాని పాత తూము రాదు. అది పోయినగాని క్రొత్త తూమునకు పునాది లేదు. కట్టడము ముగిసినగాని తడుపుట లేదు. తడిసి గట్టిపడినగాని దానిపై మట్టి వేయరాదు. మట్టి కూర్చుండినగాని రాయి పరువరాదు. ఈ ఆరు పనులును గొలుసు వలె ఒకదానికొకటి తగిలియున్నవి. వీని కాలము 2, 1, 3, 2, 1, 1 కలిసి 10 వారములు. తక్కిన నాలుగు పనులును ఈ 10 వారముల నీడలోనే ముగియగలవు. కనుక ఈ చెరువు 10 వారముల పని. అంతకు తక్కువలో కాదు. అంతకు ఎక్కువ అక్కరలేదు.

ఇక గడువు నుండి వెనుకకు వత్తము. మన రైతులకు కార్తెలు కంఠపాఠములు. మే 25వ తేదీ ప్రాంతమున రోహిణి ప్రవేశించును. జూన్ మొదటి వారము దాటినంతనే మృగశిర వచ్చును, దానితోడనే తొలకరి. మృగశిరకు ముందు కట్ట పూర్తిగా గట్టిపడి యుండవలెను గనుక మే 31వ తేదీని కడపటి దినముగా ఉంచుకొందము. ఏప్రిల్, మే మాసములలో అకాలపు వడగండ్ల వాన ఒకటి రెండు సారులు పని ఆపక మానదు. దానికై 1 వారము విడిచినచో అసలు పని మే 24వ తేదీకి ముగియవలెను. అందుండి 10 వారములు వెనుకకు లెక్కించినచో మార్చి 16వ తేదీ వచ్చును. ఏప్రిల్‌లో చూతములే అనుకొన్న గ్రామమునకు చెరువు పని ఆ నాడే జారిపోయినది. పలుగు పట్టకమునుపే కాగితము చెప్పిన మాట యిది. ఒక్క మాటతోడనే ఆ గళ్ళకాగితము వెల తీరినది.

పట్టీలు గీయుచుండగా మరియొక సంగతి బయటపడును. తూము కట్టుటకును, మత్తడి కట్టుటకును తాపీవారే కావలెను. ఊరిలో నున్నది ఒక్క ముఠా. మత్తడిని 4వ వారమున మొదలుపెట్టుదమని ఎవరో అన్నారనుకొందము. పటములో చూచినచో తూము కట్టుటయు 4వ వారముననే పడినది. రెండు పట్టీలు ఒకదాని క్రింద ఒకటి నిలిచి ఒకే మేస్త్రీని పిలుచుచున్నవి. వెదకగా 1, 2, 3 వారములలో తాపీవారు ఊరక యున్నారు. మత్తడి కట్టడమును అక్కడికి జరిపినచో తగవు తీరినది. దానిని తడుపుట 4, 5 వారములలో ముగియును. షట్టరు మాట చూడుడు. మొదటి వారముననే కర్మశాలకు చెప్పినచో 5వ వారాంతమునకు సిద్ధమగును. దాని అవసరము 9వ వారమున గాని రాదు. నడుమ 3 వారములు వెసులుబాటు కలదు. పూడిక తీయుటకు 2 వారముల వెసులుబాటు కలదు. తూము గొలుసునకు మాత్రము ఒక్క దినమైనను వెసులుబాటు లేదు. పనులలో దేనికి మన్నింపు కలదో, దేనికి లేదో తెలిసినవానికి ఎక్కడ నిలిచి కాపలా కాయవలెనో తెలియును.

ఒక హెచ్చరిక. పట్టీల పొడవును కుర్చీలో కూర్చున్నవారు తమంతట తాము నిర్ణయింపరాదు. తూమునకు 3 వారములు చాలునా అని మేస్త్రీని అడుగవలెను. మట్టి ఎంత దినమునకు తెగునో వడ్డెరల పెద్దను అడుగవలెను. చెరువు అడుగున ఎక్కడ తేమ మిగిలి బండ్లు దిగబడునో నీరటికాడు ఎరుగును. ట్రాక్టరులలో పూడికమన్ను తమ పొలములకు తోలుకొనిపోవు రైతులు ఏ వారము కోతలలో మునిగియుందురో వారినే అడుగవలెను. చేయబోవువాడు తన నోట చెప్పిన గడువునకు కట్టుబడును. పైవారు విధించిన గడువునకు తల ఊపును; అంతే.

ఇట్టి పటమును లోకమునకు వాడుకలోనికి తెచ్చినవాడు హెన్రీ లారెన్సు గాంట్ అను అమెరికా ఇంజనీరు. ఆయన 1861లో మేరీలాండులో పుట్టి 1919లో మరణించెను. ఆయన పేరనే దీనిని గాంట్ చార్టు అనికూడ అందురు. కాలమును గీతగా చూపు ఆలోచన ఆయనతో మొదలు కాలేదు. 1765లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ సుమారు 2,000 మంది ప్రసిద్ధుల జీవితకాలములను గీతలుగా ఒకే పటములో చూపెను. పోలండు ఇంజనీరు కరోల్ అదమియెత్స్కీ 1896లోనే పనుల పొందికను చూపు పటము నొకటి రూపొందించెను. అయినను పేరు గాంట్‌కు దక్కుటకు కారణము కలదు. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున దిగినప్పుడు ఆయుధములను, ఓడలను త్వరితముగా నిర్మింపవలసి వచ్చెను. ఆ పనులకు గాంట్ పటములను వాడిరి. ఏమి చేయదలచితిమన్న దానితో ఆయన తృప్తి చెందలేదు. దాని ప్రక్కనే ఏమి చేసితిమో చూపవలెననెను. ఆయన మరణానంతరము 1922లో వాలెస్ క్లార్కు ఈ పద్ధతిని వివరించుచు ఒక గ్రంథము వ్రాసెను. అది పలు దేశములకు ప్రాకినది.

కావున మన పటములో ప్రతి పనికి ఒక్క పట్టీ చాలదు, రెండు కావలెను. పైది సంకల్పము. దానిని పలుచగా గీయుదము. క్రిందిది జరిగిన పని. దానిని వారము వారము నల్లగా నింపుదము. పటమునకు అడ్డముగా, నేటి తేదీ మీదుగా, పైనుండి క్రిందికి ఒక దారము కట్టుదము. దారమునకు ఎడమ ప్రక్కన తెల్లగా మిగిలినదంతయు వెనుకబడిన పని. దానికి కుడి ప్రక్కకు పోయిన నలుపు అంతయు ముందుబడిన పని. అక్షరములు రానివాడు సయితము దీనిని చదువగలడు.

ఈ దారము ఎట్టి మేలు చేయునో చూడుడు. మన చెరువున 5 వారములు గడచినవి. ఏప్రిల్ 19వ తేదీ సాయంకాలము. లెక్క ప్రకారము అప్పటికి 32 వారముల పనిలో 21 వారముల పని ముగియవలెను. జరిగినదేమి? ఎండ బాగుగా కాయుటచేత, ట్రాక్టరులు ఎక్కువ వచ్చుటచేత పూడికతీత 5 వారములకు బదులు 7 వారములంత సాగినది. పంటకాలువలు 1 వారమునకు బదులు 2 వారములంత ముగిసినవి. చెట్లు, మత్తడి, షట్టరు సరిగా జరిగినవి. పాత తూము క్రింద ఎవరును ఎదురు చూడని పెద్ద బండలు తగులుటచేత దానిని విప్పుటకు 1 వారమునకు బదులు 2 వారములు పట్టెను. అందుచేత క్రొత్త తూము 2 వారములంత లేవవలసినది 1 వారమంతయే లేచినది. కూడి చూచినచో 23 వారముల పని ముగిసినది. నూటికి 66 పాళ్ళు కావలసి యుండగా 72 పాళ్ళు అయినది. ఈ లెక్క చూచి సభలో చప్పట్లు చరతురు. పని ముందున్నదని పై కార్యాలయమునకు నివేదిక పోవును.

కాని దారము వేరొక మాట చెప్పును. తూము పట్టీ దారమునకు వారము వెనుక నిలిచినది. ఈ లెక్కన తూము 7వ వారమున గాని ముగియదు. తడుపుట 9వ వారము దాక సాగును. మట్టి 10వ వారమున, రాయి 11వ వారమున. వడగండ్ల వానకై దాచుకొన్న వారము ఖర్చయిపోయినది. ఇంకొక వారము జారెనా, కట్ట పూర్తిగా గట్టిపడకమునుపే మృగశిర వచ్చును. పూడిక నూటికి నూరు పాళ్ళు తీసియుండవచ్చును. కాలువలు అద్దమువలె ఉండవచ్చును. తూము ప్రక్కన వదులుగా పడియున్న క్రొత్త మట్టిని తొలి వరద కోసికొని పోయినచో, లోతు పెరిగిన ఆ చెరువులో ఆ యేడు నిలుచునది గాలి. దాని క్రింది ఆయకట్టు రైతులకు నాట్లు లేవు. మంచి వార్తలు అనేకము కలిసి ఒక చెడు వార్తను మరుగుపరచుట కార్యనిర్వహణలో మిక్కిలి ప్రమాదకరమైన విషయము. శాతములు కూడికలో మోసము చేయును. పట్టీలు ఒక్కొక్కటిగా నిలిచి సాక్ష్యము చెప్పును.

ఏప్రిల్ 19న తెలిసినచో ఉపాయము కలదు. పూడిక తీయువారిని తెచ్చి తూము కట్టించుటకు వీలు లేదు. తడుపు కాలమును తగ్గించినచో కట్టడము బలహీనమగును. పొరుగూరి నుండి రెండవ తాపీ ముఠాను పిలిచి, మిగిలిన 2 వారముల కట్టడమును ఒక్క వారములో ముగించినచో పోయిన వారము తిరిగి చేతికి వచ్చును. ముందుబడిన పూడిక పని నుండి కొందరు కూలీలను మరల్చి, రాయి, ఇసుక, నీరు తూము చెంతకు ముందే చేర్చియుంచినచో మేస్త్రీల చేతులు ఆగవు. ఖర్చు కొంత పెరుగును, చెరువు దక్కును. ఇదే సంగతి మే 20వ తేదీన తెలిసినచో చేయదగినది ఏమియు లేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా ఇదియే. కాలపటము పని చేయదు. పని చేయుటకు సమయము ఇంకను మిగిలియున్నప్పుడే మనకు మాట చెప్పును.

ఈ సాధనమునకు లోపములు లేకపోలేదు. ఏ పని దేనికై వేచియున్నదో పట్టీలు తమంతట తాము చెప్పవు. మనము చెరువు గొలుసును నోట చెప్పుకొంటిమి గాని పటములో అది కనబడదు. వేలకొలది పనులు గల కార్యములలో ఈ లోపము పెద్దది. అందుచేతనే 1957లో అమెరికాలో డ్యూపాంట్ రసాయన సంస్థ వారు క్రిటికల్ పాత్ అను పద్ధతిని ఏర్పరచిరి. మరుసటి యేట, 1958లో, అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణుల నిర్మాణమునకై పెర్ట్ అను పద్ధతిని తెచ్చెను. ఇవి పనులను వలగా అల్లి, వెసులుబాటు లేని గొలుసును లెక్కకట్టి చూపును. నేడు కంప్యూటరులు ఈ లెక్కను క్షణములో చేయును. చేసినపిదప ఆ ఫలితమును మనుష్యులకు చూపవలసివచ్చినప్పుడు తిరిగి పట్టీలుగానే గీయును. మన వంటి చిన్న పనికి ఒక పట్టీ తుది నుండి వేరొక పట్టీ మొదటికి ఎర్ర పెన్సిలుతో ఒక బాణము గీసినచో చాలును. పనులు ముప్పదికి మించినచో ఒకే కాగితమున క్రిక్కిరియక, భాగమునకు ఒక పటము చొప్పున గీసికొనుట మేలు.

రెండవ లోపము పటమునది కాదు, మనది. ఒకసారి అందముగా గీసి, రంగులు వేసి, అద్దము కట్టించి కార్యాలయపు గోడకు తగిలింతురు. అటుపిమ్మట దానిపై పెన్సిలు పడదు. ఆరు మాసములు గడచినను ఆ పటము తొలినాటి వలెనే మెరయుచుండును. మాసిన పటమే మంచి పటము. తుడిచివేతలు, దిద్దుబాట్లు, చేతి మరకలు లేని కాలపటమును చూచినచో దానిని ఎవరును వాడలేదని గ్రహింపవచ్చును. పని వెనుకబడినప్పుడు సంకల్పపు పట్టీనే చెరిపి కుడికి జరుపు దురభ్యాసము మరింత చెడ్డది. అట్లు చేసినచో పటము ఎప్పుడును మనకు అనుకూలముగానే పలుకును. తొలి సంకల్పమును చెరుపరాదు. క్రొత్త సంకల్పమును దాని క్రింద వేరుగా గీయవలెను.

గృహస్థులకును ఇది పనికివచ్చును. పెండ్లి ముహూర్తము మృగశిర వంటిదే, వెనుకకు జరుగదు. శుభలేఖలు పంచుటకు ముందు అచ్చు కావలెను, అచ్చునకు ముందు ముహూర్తము, వేదిక స్థిరపడవలెను. కంసాలి నగ చేయుటకు కోరిన గడువు ఎంతయో, కుట్టుపనివాడు కోరిన గడువు ఎంతయో అడిగి, ముహూర్తము నుండి వెనుకకు పట్టీలు గీసి, వంటింటి గోడకు తగిలించి, ఆదివారము ఆదివారము ఇంటివారందరు చూచుకొన్నచో కడపటి వారపు తొందరలో సగము తప్పును. ఇల్లు కట్టువారు ద్వారబంధములకు వడ్రంగిని ఏ నాడు పిలువవలెనో గోడ లేవకమునుపే తెలిసికొందురు.

చెరువు వంటి ఊరుమ్మడి పనులలో ఈ పటమును అధికారి బల్ల సొరుగులో ఉంచరాదు. గ్రామపంచాయతీ కార్యాలయపు గోడమీద, దారి పోవువారందరికి కనబడునట్లు ఉంచవలెను. తన పొలమునకు నీరు రావలసిన రైతు ప్రతి వారము దాని ముందు నిలిచి, తూము పట్టీ దారమును అందుకొన్నదా లేదా అని చూడగలుగవలెను. అందుకొననిచో ఎందుచేతనని అడుగగలుగవలెను. అడుగువాడున్న చోట పని అంత సులభముగా జారదు. రానున్న వేసవిలో మీ ఊరి చెరువు పనికి పలుగు పట్టుటకు ముందు, ఆ గోడమీద అట్టి కాగితము ఒకటి ఉన్నదో లేదో చూడుడు. లేనిచో గీయుమని కోరుడు.